నీ గులాబీ అచ్చులు నాకొద్దు

సంధ్యక్కా,

నమస్తే. నువ్వు పోయి మూడేళ్లయింది. నేను నీ ఇంటికి కోడలిగా వచ్చి పదకొండు నెలలు. మనం ఒక్కసారి కూడా కలుసుకోలేదు... అయినా ఈ దిల్‌సుఖ్‌నగర్‌లో నాకు నీకంటే బాగా తెలిసిన మనిషి ఇంకొకరు లేరు.

నేను రజితను. మీ ఆయన రెండో పెళ్లాన్ని. మలక్‌పేటలో జాకెట్లు కుట్టుకుంటూ ముప్పై ఆరేళ్లు వచ్చేదాకా ఒంటరిగా ఉన్నదాన్ని. నీ మీద నాకు కుళ్లు. ముందే ఒప్పుకుంటే ఒక పని అయిపోతుంది.

కొత్త చీర కొంటే ముందు నీ ఫోటో ముందు పెట్టి, ఆ తర్వాతే నేను కట్టుకోవాలని అత్తమ్మ మొదటిరోజే చెప్పింది. రెండో పెళ్లిలో అది మామూలేనట. సరే అన్నాను. కానీ నేను ఏం చేసినా నీ మాటే ముందొస్తే ఎలా? పప్పులో చింతపండు ఎక్కువైతే, "పులుపు నాలికకు తెల్వాలె, పండ్లకు కాదు" అని సంధ్య అనేది. డాబా మీద బట్టలు ఆలస్యంగా ఆరేస్తే, "ఎండ మనకోసం ఆగుతదా" అని సంధ్య అనేది... పోయిన మనిషి ఇంత మాట్లాడుతుందని నాకు తెలియదు.

అన్నింటికన్నా నీ సబ్బులు. కొబ్బరినూనె, వేపాకు, పసుపు కలిపి నువ్వు ఇంట్లో చేసిన గులాబీ పువ్వు ఆకారం సబ్బులు. సైదాబాద్ నుంచి ఒకామె ఇప్పటికీ ఫోన్ చేసి అవి ఉన్నాయా అని అడుగుతుంది. సంధ్య లేదమ్మా అంటే కాసేపు ఏడ్చి పెట్టేస్తుంది. నేనెవరని మాత్రం అడగదు.

ఇంకొకటి చెప్పనా? బీరువాలో ఆయన చొక్కాల మధ్య నీ సబ్బు ఒకటి ఉంది. వాడరు, తీయరు. నేను ఇస్త్రీ చేసి మడతపెట్టిన చొక్కా వేసుకుని, నీ వాసనతో షాపుకు పోతారు. ఒళ్లు మండదా చెప్పు?

అందుకే నేనూ సబ్బు చేయాలనుకున్నాను. నీలాగా కాదు. నా సబ్బు.

ఫోన్‌లో వీడియోలు చూసి కాస్టిక్ సోడా, నూనెలు తూకం వేసి కలపడం రెండు వారాల్లో పట్టుబడింది. చిక్కంతా అచ్చుల దగ్గర వచ్చింది. నీ గులాబీ అచ్చులు అటక మీద అట్టపెట్టెలో ఉన్నాయి. ఆయనే దించి ఇవ్వబోయారు. వద్దన్నాను. వాటిలో పోస్తే బయటికొచ్చేది నువ్వేగా?

దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో ప్లాస్టిక్ సామాన్ల షాపులన్నీ తిరిగాను. ప్రతివాడూ గులాబీయే చూపించాడు. చిన్నది ఇంకేదైనా ఉందా అంటే ఒకతను లవ్ గుర్తు అచ్చు తీశాడు. ఈ వయసులో నాకెందుకది?

ఇక ఇంట్లో వెతుక్కున్నాను. పెరుగు కప్పుల్లో పోస్తే సబ్బు వేడికి అవి వంకర తిరిగాయి. అగ్గిపెట్టెల్లో పాలకవర్ పరిచి పోస్తే ముద్దుగానే వచ్చాయి కానీ రెండు స్నానాలకే అరిగిపోయాయి. జ్యూస్ డబ్బా కోసి పోస్తే ఇటుక తయారైంది. ఎల్‌బీ నగర్‌లో ఆయన ఎలక్ట్రికల్ షాపు పక్కనే ఉన్న హార్డ్‌వేర్ షాపులో జానెడు ప్లాస్టిక్ పైపు ముక్క తెచ్చాను. అడుగున కవర్ కట్టి, రబ్బరు బ్యాండు వేసి పోశాను. గట్టిపడ్డాక పప్పుగుత్తితో తోస్తే రాలేదు. ఫ్రిజ్‌లో పెట్టి తోశాను... రాలేదు. చివరికి గోడకు కాలు ఆనించి తోస్తే తుపాకీ గుండులా పోయి నీ ఫోటో కింద పడింది. నవ్వావా? "లోపల నూనె రాయకపోతే ఎట్ల ఊడొస్తది" అని సంధ్య అనేదని అత్తమ్మ అప్పుడు చెప్పింది. ముందే చెప్పొచ్చుగా!

అయినా పైపుతో నాకు తృప్తి కలగలేదు. చిన్నగా, గుండ్రంగా, అరచేతిలో ఒదిగేలా కావాలి. అప్పుడు కళ్లబడ్డాయి అత్తమ్మ ఇడ్లీ ప్లేట్లు. నల్గొండ దగ్గర ఊరి నుంచి పట్నం వచ్చినప్పుడు తెచ్చుకున్న సత్తు ప్లేట్లు, అదే అల్యూమినియంవి. ఆమె ప్రాణం వాటి మీదే. పన్నెండు గుంటలు, పన్నెండు సబ్బులు. నా తెలివికి నేనే మురిసిపోయాను. అత్తమ్మ మోకాళ్లు చూపించుకోవడానికి దవాఖానకు పోయిన రోజు చూసి, ఈసారి నూనె కూడా రాసి మరీ పోశాను.

కాసేపటికే బుసబుసా పొంగింది. ఘాటు వాసన. పన్నెండు గుంటల్లోనూ బూడిదరంగు నురగ. సత్తును కాస్టిక్ తినేస్తుందని, స్టీలు గిన్నె తప్ప వాడొద్దని వీడియోలో పదిసార్లు చెప్పారు. కలిపేటప్పుడు గుర్తుంది. పోసేటప్పుడు గుర్తులేదు. కడిగి చూస్తే ప్లేట్లు నల్లబడి, అమ్మవారు పోసిన మొహంలా మచ్చలు తేలాయి.

ఏడ్చాను అక్కా. తర్వాత దాచేద్దామనుకున్నాను. స్టూలెక్కి, అటక మీద పాత కూలర్ వెనక్కి చేయి పోనిచ్చాను. చేతికి ఏదో తగిలింది.

నీ పాత జాకెట్ గుడ్డలో చుట్టిన మూట. విప్పితే, మూత మీద మామయ్య పేరు చెక్కిన సత్తు టిఫిన్ డబ్బా. మూడు గిన్నెలూ లోపల నల్లగా, మచ్చలు మచ్చలుగా... ఒకదాని అడుగున బూడిదరంగు సబ్బు ముక్క ఇంకా అంటుకునే ఉంది.

స్టూలు మీదే కూర్చుని మూడు గిన్నెలూ ఒక్కొక్కటే వెలుతురుకు తిప్పి చూశాను.

ఆ డబ్బా సంగతి ఈ గల్లీ అంతటికీ తెలుసు. పోయిన మామయ్య గుర్తు అది. పాత సామాన్లు కొనేవాడు ఎత్తుకుపోయాడని అత్తమ్మ ఇప్పటికీ వాడు కనిపిస్తే చీపురు తీస్తుంది. ఆమె అలా లేచినప్పుడల్లా నువ్వు అడ్డం పడేదానివట. "పోనియ్ అత్తమ్మా, గరీబోడు, బతకనియ్" అనేదానివట. నీది ఎంత పెద్ద మనసో చెప్పడానికి ఇంట్లో అందరూ ఈ మాటే ఎత్తుకుంటారు.

ఓ సంధ్యక్కా... గరీబోడా!

ఎంత నవ్వానో తెలుసా? నవ్వుతూ ఉండగానే మళ్లీ ఏడుపొచ్చింది. ఆ రోజు నువ్వూ ఇదే స్టూలెక్కావా? ఎవరికైనా చెప్పుకున్నావా? ఆయనకు కూడా చెప్పలేదు కదూ?

నేను పాడుచేసిన ప్లేట్లు మాత్రం దాచబుద్ధి కాలేదు. అత్తమ్మ రాగానే ఆమె ముందే పెట్టాను. తిట్టింది. ప్లేట్లు, మా ఊరు, నా పెంపకం, అన్నీ వచ్చాయి. చివర్లో ఆయన వైపు తిరిగి, సంధ్య అయితే సచ్చినా ఇట్లాంటి పని చేయకపోయేదంది. ఆయన తల ఊపారు.

ఆ తల ఊపడం ఉంది చూడు... అదే నాకు తగిలింది. పదకొండు నెలల కుళ్లు గొంతుదాకా వచ్చింది. అటక వైపు వేలు చూపిస్తే చాలు. నువ్వు ఒక మెట్టు దిగేదానివి, నేను ఒక మెట్టు ఎక్కేదాన్ని.

చెప్పలేదు.

పైపు సబ్బులే చేస్తున్నాను ఇప్పుడు. బిళ్లలుగా కోస్తే పప్పుచెక్కల్లా ఉంటాయి. ఆయన ఒకటి వాడుతున్నారు.

ఎందుకు చెప్పలేదంటావా? మంచిదాన్నని కాదు. నీ మీద జాలీ కాదు. నీ చీరలు ఆడబిడ్డ తీసుకుంది. నీ మాటలు అత్తమ్మ దగ్గరున్నాయి. మిగిలింది ఆయన బీరువాలో దాచుకున్నారు. నీ గురించి నాకు తెలిసిందంతా వాళ్లు వాడుకుని నాకిచ్చినదే. ఆ డబ్బా ఒక్కటే ఎవరి చెయ్యీ పడకుండా నాకు దొరికింది. భయపడిన సంధ్య, దొంగతనంగా స్టూలెక్కిన సంధ్య... ఆమెతో అన్నేళ్లు కాపురం చేసిన ఆయన కూడా ఆమెను ఎరగరు. నేను ఎరుగుదును. ఆమెను వాళ్లకిచ్చేయడానికి నాకు మనసొప్పలేదు. చూశావా, కుళ్లు ఎటు తిరిగిందో?

డబ్బాను మళ్లీ అదే గుడ్డలో చుట్టి, ఇంకొంచెం లోపలికి తోశాను. దసరాకు ఇల్లు దులిపేటప్పుడు అటక నేనే ఎక్కుతాను. ఇంకెవరినీ ఎక్కనివ్వను.

నీ సవతి,
రజిత