అంకెల కింది వరస

జూన్ 3, మంగళవారం

ఇరవై రెండేళ్లయింది. కడుపులో మంట ఇంకా చల్లారలేదు.

కుర్చీల దుకాణం పెద్దాయన నన్ను స్టూలు మీద నిలబెట్టాడు. చుట్టూ జనం. వీడికి చదువు రాదు, ఏడుకీ ఒకటికీ తేడా తెలీదు, తప్పు వీడిది, నాది కాదు అన్నాడు. అందరూ నవ్వారు. ఏడు వేల రెండు వందల మంచానికి నేను పన్నెండు వందలని బోర్డు రాశానట. ఆయనిచ్చిన కాగితం చూసే రాశాను. కాగితంలో ఉన్నది ఒకటి అంకే. ఈ కళ్లతోనే చూశాను. ఆ సాయంత్రమే నిచ్చెనెక్కి దిద్దాను. కూలి ఎగ్గొట్టాడు. తర్వాత ఏడాది దాకా ఏ దుకాణమూ బోర్డు రాయడానికి నన్ను పిలవలేదు.

చదువు రాని మాట నిజమే. బొమ్మ గీసినట్టు అక్షరాలు గీసేవాణ్ణి. ఆ అవమానం తర్వాతే మా ఆవిడ దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఇప్పటికీ వంకరే. ఎవరు చూడాలి గనక.

ఇదంతా ఇవాళ ఎందుకంటే, ఆ దుకాణం ముందు కొత్త ఫ్లెక్స్ కట్టారు. వీల్‌చైర్ బొమ్మ. కింద 4,900. అంకెల్లో గోరంత వంకర కూడా లేదు. మెషీన్ పని.

మా ఆవిడ తుంటి విరిగి రెండు నెలలు. వెనక గదిలో కిటికీ పక్కన పడి ఉంది. ఆ కిటికీలోంచి కనపడేది పక్కింటి గోడ. గోడలో పగుళ్లు ఎన్నున్నాయో లెక్క చెప్తుంది.

నా దగ్గర ఐదు వేలున్నాయి. రేపు తెస్తాను.


జూన్ 4, బుధవారం

తేలేదు.

పెద్దాయన పోయాక గల్లాపెట్టె దగ్గర ఆయన కొడుకు కూర్చుంటున్నాడు. చిన్నాయన అంటారు. డబ్బు ముందు పెట్టాను. అసలు ధర తొమ్మిది వేల నాలుగు వందలు తాతా అన్నాడు. బయట నాలుగు వేల తొమ్మిదొందలుందిగా అన్నాను. అది ఫ్లెక్స్ వేసినావిడ పొరపాటట. బుర్ర లేని వాళ్లకి పనిస్తే ఇంతే, తప్పు ఆవిడది, మాది కాదు అన్నాడు.

అచ్చం తండ్రే. గొంతు కూడా.

సరే, పొరపాటైతే బోర్డు దింపు అన్నాను. రేపు దింపిస్తాంలే, ఎండనపడి వచ్చావు, కూర్చో, నీళ్లు తాగు, పదకొండు వేల మోడల్ ఉంది, కుషన్ మెత్తగా ఉంటుంది, వాయిదాల్లో కట్టుకో అన్నాడు. నీ నీళ్లు నువ్వే తాగు అని వచ్చేశాను.

అంకె దిద్దడానికి పది నిమిషాలు చాలు. నలభై ఏళ్లు అదే పని చేశాను. నాకు చెప్తాడా.


జూన్ 5, ఉదయం 10

బోర్డు ఉంది.


జూన్ 7, శనివారం

ఉంది.

మా వదిన, అంటే మా ఆవిడ అక్క, పక్క వీధిలోనే ఉంటుంది. ఆమెకి మోకాళ్లు లేవవు. చెవుడు, ఫోన్ పనికిరాదు. అక్కాచెల్లెళ్లు మొహాలు చూసుకుని రెండు నెలలు. మధ్యలో నేను తపాలా మనిషిని.

ఇవాళ మా ఆవిడ పంపిన కబురు: నేను పోయాక ఏడవడానికి రావడం కాదు, ఇప్పుడే వచ్చి ఏడవమను. వదిన చెవిలో అరిచి చెప్పాను. ఆమె జవాబు: చిన్నది అదే రావాలి, పెద్దంతరం చిన్నంతరం లేదా దానికి. వచ్చి చెప్తే మా ఆవిడ నవ్వింది. నవ్వి గోడ వైపు తిరిగింది. రెండు వందల అడుగుల దూరం. నేను మోయగలిగితే మోసేవాణ్ణే. మొన్న మంచం మీంచి కుర్చీలోకి మార్చేసరికే నా నడుం కలుక్కుమంది.


జూన్ 9, సోమవారం

వినియోగదారుల ఆఫీసుకి వెళ్లాను. కౌంటర్‌లో ఉన్నామె కళ్లజోడు తీసి మొత్తం విన్నది. అంత ఓపిక ఆఫీసుల్లో ఎప్పుడూ చూడలేదు.

ఆమె చెప్పింది నాకు నచ్చలేదు. నిజంగా పొరపాటైతే ఆ ధరకే అమ్మి తీరాలని దుకాణాన్ని బలవంతపెట్టలేమంది. డబ్బు కట్టక ముందే అసలు ధర చెప్పారు కదా తాతగారూ అంది. నువ్వు వాళ్ల మనిషివా అన్నాను. ఆమెకి కోపం రాలేదు. పూర్తిగా వినండి అంది. తప్పని తెలిశాక కూడా బోర్డు ఉంచితే అది పొరపాటు కాదు, ఎర అంది. ఎర వేయడం నేరమంది. రోజూ వెళ్లి చూసి తేదీ వేసి రాసుకోండి, ముందు వాళ్లకి గడువు పెట్టి ఉత్తరం ఇవ్వండి, జవాబు రాకపోతే నా దగ్గరికి రండి, కుర్చీ వస్తుందని మాత్రం మాటివ్వలేను అంది.

ముందే రాసుకుంటున్నానమ్మా అన్నాను. కాస్త గర్వంగానే.


జూన్ 10. ఉంది.


జూన్ 11. ఉంది. గాలికి ఒక మూల తాడు తెగింది. కొత్త తాడు కట్టారు. తాడు కట్టడానికి నిచ్చెన దొరికింది.


జూన్ 13, శుక్రవారం, మధ్యాహ్నం

ఎదురు అరుగు మీద కూర్చుని చూశాను. ఒకాయన తల్లిని వీపున మోసుకుని వచ్చాడు. బోర్డు చూపించి ఆమెకేదో చెప్పాడు. ఇద్దరూ నవ్వుతూ లోపలికి వెళ్లారు. అరగంటకి బయటికొచ్చారు. పదకొండు వేలది కొన్నారు, వాయిదాల మీద. ఇంత దూరం మోసుకొచ్చాక ఉత్త చేతుల్తో ఎలా తీసుకెళ్లను అన్నాడు నాతో.

ఎర అంటే ఏమిటో నాకు ఇప్పుడు అర్థమైంది.


జూన్ 14, శనివారం

ఫ్లెక్స్ వేసినావిడ షాపు పట్టుకున్నాను. గదిలో సగం మెషీనే. నాలాంటి మనిషే, చేయని తప్పు నెత్తిన పడింది, ధైర్యం చెప్దామని వెళ్లాను.

ఆవిడ ఏమందో తెలుసా. తప్పు నాదే బాబాయ్ అంది. ఫోన్‌లో వాళ్లు పంపింది చూపించింది. 9,400 అనే ఉంది. రెండో తారీకున తొందరలో అటూ ఇటూ కొట్టేశానంది. నాకు ఒళ్లు మండింది. ఎందుకు ఒప్పుకుంటావు, నిన్ను బుర్రలేనిదన్నాడు వాడు అని కేకలేశాను. చేసింది నేనైతే ఒప్పుకోక ఏం చేయను, నన్ను తిడతావేంటి బాబాయ్ అంది.

రెండో తారీకు సాయంత్రమే ఆవిడ సరైన అంకెతో స్టిక్కర్ కొట్టి, అతికించడానికి వెళ్లిందట. చిన్నాయన వద్దన్నాడట. ఉండనీ, జనం లోపలికొస్తున్నారు అన్నాడట. ఆవిడకి బిల్లు డబ్బు కూడా ఇవ్వలేదు. ఈ సంగతి రాసుకోనా అని అడిగాను. రాసుకో, ఇంకా పోయేదేముంది అంది. స్టిక్కర్ చుట్ట నా చేతిలో పెట్టింది.

దారి పొడుగునా ఆవిడ మాటే. చేసింది నేనైతే.


జూన్ 15, ఆదివారం

కుంచెల డబ్బా అడుగున ఆ కాగితం దాచాను. పెద్దాయన ఇచ్చిందే. రుజువుగా ఉంటుందని అప్పుడు దాచి, మళ్లీ తెరవలేదు. తెరవడం దేనికి, నాకు తెలుసుగా. ఆఫీసులో చూపిద్దాం, తండ్రీకొడుకుల సంగతి తేలుతుందని ఇవాళ తీశాను.

అంకె ఒకటిలాగే ఉంది. తల మీద చిన్న గీత, ఉందంటే ఉంది, లేదంటే లేదు. ఎవరైనా ఒకటే అంటారు.

కానీ అంకెల కింద ఇంకో వరస ఉంది. అప్పుడు అది ఆయన సంతకం అనుకున్నాను. బోర్డు మీద సంతకం దేనికని వదిలేశాను. ఇవాళ చదివాను. వేలు పెట్టి మూడుసార్లు చదివాను.

ఏడు వేల రెండు వందలు మాత్రమే.

మా ఆవిడ దగ్గరికి పట్టుకెళ్లాను. చూడకుండానే, చదివావా అంది. ఆమెకి ముందే తెలుసు. నాకు అక్షరాలు దిద్దించిన ఏడాదే డబ్బాలో చూసిందట. ఇరవై రెండేళ్లు నోరెత్తలేదేం అని అరిచాను. అప్పుడే చెప్తే నేర్చుకునేవాడివా అయ్యా, కోపం మీద నేర్చుకున్నావు, ఆ కోపం చల్లారితే పలక పక్కన పడేసేవాడివి అంది. తర్వాత, నువ్వే చదువుతావని చూశాను, ఇంత లేటవుతుందనుకోలేదు అంది.

నిచ్చెన కింది మెట్టు మీద చాలాసేపు కూర్చున్నాను.

స్టూలు మీద నిలబెట్టడం మాత్రం తప్పే. అది వదలను.


జూన్ 16. ఉంది.


జూన్ 17, మంగళవారం

మా ఆవిడ ఇంక ఊరుకో అంటుందేమో అనుకున్నాను. అనలేదు. నీ తప్పు ఆ పూటే దిద్దావు కదా, ఉత్తరంలో అది కూడా రాయి అంది. పెన్నుకి రీఫిల్ ఉందో లేదో చూసుకోమంది.


జూన్ 18, బుధవారం. దుకాణంలో ఇచ్చిన ఉత్తరానికి నకలు. రెండో నకలు మీద అందినట్టు సంతకం పెట్టించుకున్నాను.

చిన్నాయనకి,

మీ నాన్న కాగితంలో ఏడు వేల రెండు వందలనే ఉంది. నేను తప్పు రాశాను. ఒప్పుకుంటున్నాను. ఆ సాయంత్రమే దిద్దాను.

మీ బోర్డు తప్పని మీకు రెండో తారీకునే ఫ్లెక్స్ ఆవిడ చెప్పింది. నాలుగున నేను చెప్పాను. నేను చెప్పి పద్నాలుగు రోజులు. ఇంకా ఉంది. చూసిన ప్రతిసారీ తేదీ వేసి రాసుకున్నాను.

బోర్డు మీది ధరకి కుర్చీ ఇవ్వండి. ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వరో, బోర్డు ఎందుకు దిద్దలేదో చెప్పండి. స్టిక్కర్ నా దగ్గరుంది. నిచ్చెన కూడా ఉంది. పిలిస్తే వచ్చి అతికిస్తాను, కూలి అక్కర్లేదు.

జవాబు ఇరవై ఎనిమిదో తారీకు శనివారం, దుకాణం కట్టేసేలోపు కావాలి. నోటితో చెప్తే కుదరదు. కాగితం మీద రాయండి. అంకెల కింద అక్షరాల్లో కూడా రాయండి.

నేను చదువుకుంటాను.