జానెడు గుడ్డ

1917 జూన్ 4
తెల్లవారుజామునే వీధిలో పడుగు నూలు పరచి గంజి పెట్టినాము. ఎండ బాగా కాసింది. మా వాడు శంకరన్ దగ్గర నుంచి ఉత్తరం ఏమీ రాలేదు.

మధ్యాహ్నం రోడ్డు కాంట్రాక్టర్ ఏలుమలై వచ్చినాడు. గుడియాత్తం రోడ్డుకు గ్రావెల్ కావాలంట. సిపాయి దిబ్బ తవ్వుతాడంట. మ్యాపులో అది ఉత్త మిట్ట అని ఉందంట. ఊరి పెద్ద అంకప్ప సరే అన్నాడు. రోడ్డు పడితే వానాకాలంలో నూలు బండ్లు బురదలో దిగబడవని ఆయన మాట. అది నిజమే.

నేను వద్దన్నాను. నలుగురిలో నేను నోరు విప్పను. అందుకే అందరూ తిరిగి చూసినారు. ఏలుమలై నవ్వి, ఆ మిట్ట మీ మామగారు ఇచ్చిందా అప్పా అని అడిగినాడు.

జూన్ 5
దిబ్బ సంగతి ఎవరూ రాసి పెట్టలేదు. నాకు తెలిసింది రాస్తాను.

హైదర్ కాలంలో మా ఊరి జొన్నచేలల్లో ఇంగ్లీషు కుంపిణీ దండు, మైసూరు దండు కొట్టుకున్నాయి. బతికినవాళ్ళు వెళ్ళిపోయినారు. చచ్చినవాళ్ళు చేలల్లోనే ఉండిపోయినారు. మా ముత్తాతలు మగ్గాల మీదున్న గుడ్డంతా కోసి తెచ్చినారు. ఒళ్ళు కప్పేదానికి చాలలేదు. మనిషికి జానెడు చించి, ముఖం మీద మాత్రం వేసి, అందరినీ ఒకే చోట పూడ్చినారు.

అప్పటి నుంచి ఏ ఇంట్లో గుడ్డ మగ్గం దిగినా, మొదట నేసిన జానెడు కోసి దిబ్బ మీది తుమ్మచెట్టుకు కడతాము. మా బావ పిడికెడు ఉప్పుకు కూడా కొట్లాడే మనిషి. ఆయనా ఈ జానెడు దగ్గర నోరెత్తడు.

పూడ్చినవాళ్ళంతా మనవైపు కుంపిణీ సిపాయిలే అని మా పెద్దమ్మ చెంగమ్మ చెప్తుంది. మైసూరోళ్ళు మన ఇండ్లు కాల్చినారు, వాళ్ళకు గుడ్డ ఎవరు వేస్తారు అంటుంది.

జూన్ 9
రైలెక్కి వేలూరు పోయి రోడ్డు ఓవర్సీర్‌ను చూసినాను. వరండాలో చాలాసేపు నిలబెట్టినాడు గానీ మర్యాదగానే మాట్లాడినాడు. చెట్టుకు కట్టిన పీలికలు ప్రూఫ్ కాదంట. ఒక్క ఎముక చూపిస్తే రోడ్డు పక్కకు తిప్పుతాడంట. శుక్రవారం వస్తానన్నాడు. ఏమీ లేకపోతే ఆ రోజే కూలీలు దిగుతారు.

జూన్ 10
దిబ్బను ఎవరూ తవ్వకూడదంటే నేనే తవ్వాలి.

జూన్ 11
ఆ మాట నా భార్య రాజాంబాళ్‌కు చెప్పినాను. నూలు కండెలు చుట్టడం ఆపలేదు. గడ్డపార దూలం మీద ఉందని చెప్పింది.

శంకరన్ మాకు ఒక్కడే కొడుకు. రోడ్లు వేసే పయనీర్ పటాలంలో చేరి యుద్ధానికి బాస్రా పోయినాడు. పోయిన ఏడాది missing అని, ఆచూకీ లేదని, ఒక కాగితం వచ్చింది. ఆనాటి నుంచి ఆమె వాడి పేరు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇక్కడ రాస్తున్నాను, అంతే.

జూన్ 14, సాయంత్రం
తవ్వినాను.

ఊరంతా చుట్టూ నిలబడినారు గానీ ఒక్కరూ చెయ్యి వేయలేదు. చెంగమ్మ పెద్దమ్మ నా చెయ్యి పడిపోవాలని తిడుతూనే ఉంది. గొంతు ఎండితే నీళ్ళు తాగి మళ్ళీ తిట్టింది. మూర లోతులో రాయిలాగా తగిలింది. గడ్డపార పక్కన పెట్టి చేతులతో మన్ను తీసినాను.

ఇద్దరు. ఒకడి చెయ్యి ఇంకొకడి రొమ్ము మీద ఉంది. గుడ్డ ఏనాడో మన్నయిపోయింది. ఒకడి దగ్గర కుంపిణీ బొత్తాలు దొరికినాయి. రెండోవాడి నడుము దగ్గర ఇత్తడి బిళ్ళ. అట్లాంటి బిళ్ళ అంకప్ప ఇంట్లో ఒకటుంది. వాళ్ళ తాత దున్నుతుంటే దొరికిందంట. మైసూరు దండుదని చిన్నప్పటి నుంచి మాకు చూపిస్తూనే ఉన్నాడు.

అంకప్ప ఈ బిళ్ళను వేలితో తుడిచి చూసినాడు. చెంగమ్మ తిట్లు ఆపేసి నేల మీద కూర్చుండిపోయింది.

ఇన్నాళ్ళూ కొంపలు కాల్చినోళ్ళకు గుడ్డ కట్టినామా అని అంకప్ప గట్టిగానే అన్నాడు. మనోళ్ళ ఎముకలు ఏరి వేరే చోట పెడదాం, మిగతాది తవ్వుకో అని పక్కనే నిలబడిన ఏలుమలైకు చెప్పినాడు. చాలామంది తలలూపినారు. ఏ ఎముక ఎవరిదో ఎట్లా ఏరుతావని అడగాలనుకున్నాను.

రాజాంబాళ్ జనం మధ్యలో నుంచి వచ్చింది. గుంట అంచున కూర్చుంది. అంకప్ప వైపు చూడకుండానే మాట్లాడింది.

“మా శంకరన్ యాడ పడి ఉండాడో తెలీదన్నా. ఆ ఊరోళ్ళకు వాడూ పగోడే కదా. ఆడ వాడి మొగాన జానెడు గుడ్డ ఎవురన్నా ఏసినారో లేదో.”

ఆమె కొంగు ముడి విప్పి గుడ్డ తీసింది. నిన్న మగ్గం దిగినదాంట్లోది. తెచ్చింది ఒకటే. రెండుగా చించింది. ఒక్కో ముఖం మీద ఒక్కో ముక్క వేసింది.

అంకప్ప బిళ్ళను తెచ్చి ముందున్న చోటే పెట్టినాడు. రేపు ఓవర్సీర్ చూసేదాకా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి వెళ్ళిపోయినాడు.

జూన్ 15
ఓవర్సీర్ వచ్చినాడు. టోపీ తీసినాడు. మ్యాపు మీద పెన్సిల్‌తో వంపు గీసినాడు. ఆ వంపు నా వేరుశెనగ చేను మధ్యలో పోతుంది. గ్రావెల్ కూడా అక్కడే తీసుకుంటారంట. సమ్మతమేనా అని అడిగినాడు. సంతకం పెట్టినాను.

సాయంత్రం మన్ను కప్పినాము. ఈసారి అంకప్ప కూడా పార పట్టినాడు. పెద్దమ్మ మళ్ళీ తిడుతుంది, మన్ను సరిగ్గా తొక్కలేదని.

జూన్ 23
వాన. మగ్గం గుంటలో చెమ్మ. నేత లేదు.

జూలై 2
గుడ్డ మగ్గం దిగింది. రాజాంబాళ్ రెండు జానెలు కోసింది. ఒకటి తుమ్మచెట్టుకు కట్టినాను. రెండోదాన్ని గుడియాత్తం పోస్టాఫీసుకు తీసుకుపోయినాను. బాస్రాకు పార్సెల్ అన్నాను. ఎవరి పేరుకు అని క్లర్కు అడిగినాడు.

ఆ ఊళ్ళో మగ్గం నేసేవాళ్ళకు అని రాయమన్నాను.

సిరాలో కలం ముంచి, అట్లాగే రాసినాడు.