నీ పాటలో లేని గొంతు

అక్కా,

నువ్వు పోయి ఏడాదైందని నిన్న చొప్పదండిలో, మన చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. నువ్వు చూసి తీరాల్సిన తమాషా జరిగింది.

సంఘ పెద్ద దానయ్య మామ కొత్త సౌండ్ మిక్సర్ తెచ్చాడు. దాని మీద తువ్వాలు కప్పి, పక్కనే కుర్చీ వేసుకుని, ఎవరినీ ముట్టనివ్వడు. స్పీకర్లు రెండూ రోడ్డు వైపు తిప్పాడు. లోపల ఉన్నవాళ్లం ఎలాగూ విశ్వాసులమే, వినకపోయినా నష్టం లేదనుకున్నాడేమో. నువ్వున్నన్నాళ్లూ నీ మైకు తగ్గించడమే ఆయన చేసిన సేవ.

నువ్వు పాడిన రికార్డు నా ఫోన్లో పెట్టాను. ఫోను వైరుకు మిక్సర్ వైపు కుడికొకటి, ఎడమకొకటి పిన్నులుండాలి, వేర్వేరు సాకెట్లలో పెట్టాలి. ఆ మహానుభావుడు ఒకే పిన్నున్న వైరు తెచ్చి గుచ్చాడు. అలా చేస్తే రెండు వైపులా ఒకేలా ఉండే శబ్దం ఒకదాన్నొకటి కొట్టేసుకుని మాయమవుతుంది. ఒక్కో వైపే ఉన్న హార్మోనియం వచ్చింది, డోలక్ వచ్చింది. రెండు వైపులా ఉన్న నీ గొంతు రాలేదు.

అయినా అందరూ కళ్లు మూసుకుని తలలూపారు.

"మామా, అక్క గొంతు వస్తలేదు," అన్నాను.

"మ్యూజిక్ వస్తుంది గదనే, ఫికర్ జెయ్యకు."

ఒక వైపు శబ్దమే అందేలా నేనే లేచి పిన్నును సగం బయటికి లాగాను. స్పీకర్లు రోడ్డు వైపే ఉన్నాయి కదా, నీ గొంతు చాయ్ హోటల్ దాకా వెళ్లింది. అటు పోయేవాళ్లు ఆగి చూశారు.

దానయ్య మామ చెయ్యి వెంటనే వాల్యూమ్ మీదికి పోయింది. "మీ అక్క గొంతు జర ఎక్కువైతుంది, తగ్గిస్త ఆగు."

ఆ చెయ్యి పట్టుకున్నాను. పాట అయిపోయేదాకా వదల్లేదు.

నీ చెల్లె