పిడికిలి విప్పే క్లాసు

కొవ్వూరు, జూలై 3

ప్రియమైన రూతత్తకు నీ మేనకోడలు తబిత వందనాలు.

ఫోన్ చేయకుండా ఉత్తరమేంటని కంగారుపడకు. నీకు సరిగా వినపడదని ఫోన్ స్పీకర్లో పెడతావు. నేను అడిగినదానికి మీ వీధిలో సగం మంది జవాబు చెబుతారు.

రెండేళ్లుగా నాకు పొత్తికడుపు అడుగున నొప్పి. కూర్చుంటే మంట, మూత్రానికి వెళ్లినా బాధే. మూడుసార్లు స్కానింగ్ తీశారు. అన్నీ బాగానే ఉన్నాయట, నేనే బాగోలేదు. చివరికి రాజమండ్రిలో డాక్టరమ్మ గారు వినీల గారనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపారు. శ్వాసతో, యోగాసనాలతో తగ్గిస్తారట. ప్రతి శనివారం క్లాసు, ఎనిమిది వారాలు. ఇదీ పనిచేయకపోతే బళ్లో టీచరు ఉద్యోగం మానేస్తాను. కూర్చుని పిల్లల పేపర్లు దిద్దలేకపోతున్నాను అత్తా.

నీ తబిత

తా.క. నా కోసం ప్రార్థన చెయ్యి. ఒక్కదానివే చెయ్యి.

కోరుకొండ, జూలై 10

చిరంజీవి తబితకు ప్రభువు పేరిట రూతత్త దీవెనలు.

నేను ఎవరికీ చెప్పలేదు. నిన్న మా చర్చి స్త్రీల సమాజంలో ప్రార్థన మనవుల పెట్టెలో చీటీ వేశాను, అంతే. "కొవ్వూరులో ఉన్న మా మేనకోడలు. చెప్పుకోలేని మనవి." పేరు రాయలేదు. నాకున్నది ఒక్క మేనకోడలే అయితే నేనేం చేయను?

అసలు ఆ యోగా ఏంటి? మంత్రాలు చదివిస్తారా? ఫోన్‌లో చూశాను. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు విడదీసి, కళ్లు మూసుకుని ఊపిరి పీలుస్తున్నారు. ఊపిరి ఛాతీలో ఉండాల్సింది, కింద దానికేం పని? వెంటనే మానెయ్.

నీ మేలు కోరే రూతత్త

తా.క. చెప్పుకోలేని మనవులు రెండే రకాలంటుంది రెబెక్కా వదిన. మొగుడు వదిలెయ్యడం, మొగుణ్ణి వదిలెయ్యడం. నీది ఏ రకమో రాయమంది.

కొవ్వూరు, జూలై 14

అత్తకు వందనాలు. కోపంలోనే పెడుతున్నాను.

మీ సమాజం నుంచి నలుగురు మా ఆయన సుకుమార్‌కి ఫోన్ చేసి "సర్దుకుపోండి బాబూ" అన్నారు. ఆయన అన్నం తినడం ఆపి, "నా తప్పేంటో చెప్పు తబితా" అంటూ కూర్చున్నారు.

మంత్రాలేవీ లేవు. వినీల గారు మొదటిరోజే అడిగారు, "బళ్లో బాత్రూంకి ఎప్పుడు వెళ్తారండి?" అని. "ఇంటికొచ్చాకండి" అన్నాను. మా బళ్లో ఆ గదికి గడియ లేదని నీకూ తెలుసు. పదకొండేళ్లుగా బిగబట్టుకుంటున్నాను. నడుం ఎముకల అడుగున ఊయలలాంటి కండరాలుంటాయట. రోజంతా పిడికిలి బిగిస్తే చెయ్యి లాగినట్టు, అవి లాగుతున్నాయి. ఊపిరి నెమ్మదిగా కిందికి తీసుకుంటే అవి వదులవుతాయి. నొప్పంతా నా మనసులోనే ఉందని రెండేళ్లు అందరూ అన్నారు. "మీ నొప్పి నిజమేనండి" అన్నది ఈవిడొక్కతే. ఆ మాటకి అక్కడే ఏడ్చేశాను.

తబిత

తా.క. ఫోన్లు వచ్చిన దగ్గర్నుంచి సుకుమార్ అడక్కుండానే గిన్నెలు కడుగుతున్నారు. ఆ ఒక్కదాని గురించీ ప్రార్థించకండి.

కోరుకొండ, జూలై 19

తబితకు దీవెనలు.

ఏడ్చావా? నిన్నెవరో ఏడిపిస్తుంటే నేను చూస్తూ ఊరుకోవాలా? పాస్టర్ విజయ్ పాల్ గారు శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టారు. వచ్చే శనివారం పదకొండు మందిమి రెండు ఆటోల్లో రాజమండ్రి వస్తున్నాం. నేరుగా క్లాసులోకొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకొస్తాను. తల్లి లేని నిన్ను పెంచినదాన్ని, ఆ హక్కు నాకుంది.

రూతత్త

తా.క. అడ్రసు నువ్వు రాయక్కర్లేదు. గిన్నెలు కడుగుతూ సుకుమార్ ఫోన్‌లో చెప్పాడు.

కొవ్వూరు, జూలై 22

అత్తా, వందనాలు. రావద్దు.

మొన్న శనివారం నలభై నిమిషాలు కూర్చున్నాను, నొప్పి లేకుండా. రెండేళ్లలో అదే మొదటిసారి. నువ్వొచ్చి పదిమందిలో గొడవ చేస్తే మళ్లీ ఆ గుమ్మం తొక్కలేను. అందుకే ఈ శనివారం నేను వెళ్లడం లేదు. ఆ తర్వాత కూడా వెళ్లకపోవచ్చు. నీ పంతం నెగ్గింది, సంతోషించు.

తబిత

తా.క. రాజీనామా రాసి పెట్టాను. హెడ్మాస్టరు గారి చేతికి ఇవ్వడమే తరువాయి.

కోరుకొండ, జూలై 27

నా బంగారు తల్లి తబితకు అత్త దీవెనలు.

మేం వెళ్లాం. నీ ఉత్తరం అందలేదని అబద్ధం చెప్పను, అంది కూడా వెళ్లాను. నువ్వు లేవు. ఆ వేళకి కొత్త బ్యాచ్ రావాలట. బైబిళ్లు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పదకొండు మందిని చూసి వినీల ఆ బ్యాచ్ మేమే అనుకుంది. చకచకా చాపలు పరిచేసింది. మంత్రాల సంగతి నిలదీద్దామని నోరు తెరిచేలోపు ఆ పిల్లే అడిగింది, "మీలో ఎవరికి ఎన్నేళ్లుగా నొప్పండి?" అని.

అందరికంటే ముందు నా చెయ్యి పైకి లేచింది. జయపాల్‌ని కన్నప్పటి నుంచీ నాకు ఈ నొప్పి, ముప్పై రెండేళ్లు. ప్రసంగమంతా నిలబడి వింటానని నన్ను భక్తిపరురాలంటారు కదా, కూర్చోలేక నిలబడతాను. మీ మావయ్య కూడా ఈ సంగతి తెలుసుకోకుండానే పోయాడు. నా వెనకాల రెబెక్కా వదిన చెయ్యి లేచింది. తర్వాత ఇంకో అయిదుగురివి. అందరం పడుకుని ఊపిరి పీల్చాం. వదిన గురక పెట్టింది.

నీ మొదటి ఉత్తరం చదువుతుంటే నా గురించే ఎవరో రాసినట్టుంది. భయమేసింది, అందుకే అంత అరిచాను. నన్ను క్షమించు తల్లీ. ఆ రాజీనామా చింపెయ్. శనివారం రా. రాకపోతే అక్కడ నేను ఒక్కదాన్నే అయిపోతాను. ముప్పై రెండేళ్లు ఒక్కదాన్నే మోశాను, ఇక నావల్ల కాదు.

నీ కోసం చూస్తుండే రూతత్త

తా.క. ఇవాళ ఆరాధన అయ్యాక పాస్టర్ గారు నన్ను పక్కకి పిలిచారు. చీవాట్లు పెడతారని తల వంచుకుని నిలబడ్డాను. ఆయన అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించి, "మగవాళ్లకి ఏ రోజండి?" అన్నారు.