తెల్లబడిన వాల్వు

బుధవారం రాత్రి

పొద్దున దీపం పెట్టి, నాయన భజనలకు వాడిన పాత ఆంప్లిఫయర్ స్విచ్ వేశాను. లోపలి గాజు బుడ్ల లాంటి వాల్వులు వేడెక్కేలోగా వాకిట్లో ముగ్గు వేసి వచ్చాను. వారంగా ఉన్నట్టే పాట నీరసంగా, గరగరమంటూ వచ్చింది.

"అక్కా, దీని పని అయిపోయినాది. అమ్మేసి కొత్తది తెస్తా" అన్నాడు తమ్ముడు రమణ. నాయన చేతి వస్తువు అది. రాయదుర్గం నుంచి ఖాదర్ భాయ్‌ని ఒక్కసారి పిలిపించమన్నాను.

మధ్యాహ్నం భాయ్ వచ్చి మూత తీశాడు. "ఏమ్మా, ఈ వాల్వు తల తెల్లగై ఎన్నాళ్లయింది?"

"అది విబూది భాయ్. ఆయుధపూజకు మూత తీసి నేనే పెట్టినా."

తడివేలితో రుద్దాడు. పోలేదు. తెలుపు గాజు లోపల ఉంది.

"లోపలికి గాలి దూరిందమ్మా. ఈడ నల్లగా అద్దం మాదిరి మెరుస్తాండాల. తెల్లబడితే వాల్వు పోయినట్లే. తక్కిన మూడూ బాగుండాయి, ఊరికే మార్చొద్దు."

రమణ పడీపడీ నవ్వాడు. "మా అక్క విబూది అనుకుంటే, తుడిచే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికుండాది భాయ్!"

నాకూ నవ్వొచ్చింది. ఆ మూడూ పోయేనాటికి ఇలాంటివి దొరుకుతాయో లేదో, చూసి చెప్పడానికి భాయ్ ఉంటాడో... స్వామి దయ.

సాయంత్రం నేను, రమణ, మరదలు సరళ కూర్చుని తేల్చుకున్నాం. అమ్మడం లేదు. ఆ ఒక్క వాల్వే మారుస్తాం, ఆదివారం బెంగళూరు వెళ్లి రమణే తెస్తాడు. ఈ శనివారం భజన మైకు లేకుండానే. అందరి గొంతులూ వినబడాలి కాబట్టి తాళాలు మెల్లగా కొట్టమని రమణకు గట్టిగా చెప్పాం.