సున్నం కింద నలభై ఆరు అంగుళాలు

వరద బీమా అధికారి గారికి,
మెదక్.

అయ్యా,

విషయం: మా గల్లీకి వరద బీమా రేటు ఏ లెక్కన కట్టారో, నీటి ఎత్తు ఎంతని రాసుకున్నారో ఆ కాగితాలు చూపించమని నాలుగోసారి మనవి.

మెదక్ పట్టణం, వాగు ఒడ్డు గల్లీలో దర్జీ పని చేసుకుని బతికే రఘుపతి అను నేను విన్నవించుకొనునది:

1. పోయిన శ్రావణంలో వాగు పొంగి మా ఇంట్లోకి వచ్చినది. నీళ్లు తీశాక గోడ మీద మిగిలిన బురద గీతను నా టేపుతోనే కొలిచితిని. నలభై ఆరు అంగుళాలు. రెండు కుట్టు మిషన్లు, గిరాకీల బట్టలు అన్నీ ఆ గీత కిందివే.

2. తమ సర్వేయరు చంద్రకాంత్ గారు రెండు నెలలకు, దసరా వెళ్లాక వచ్చినారు. అప్పటికే మా అమ్మ ఐలవ్వ పండుగకని గోడలకు సున్నం వేసి, కింద ఎర్రమట్టి జాజు పట్టీ దిద్ది ఉన్నది. బురద గోడల మధ్య బతుకమ్మను పేర్చే ఇల్లు మెదక్‌లో ఒక్కటైనా ఉన్నదా? ఆయన తెల్ల గోడను చూసి, మా మాట చెవిన పెట్టక, "నీటి గుర్తు లేదు" అని రాసుకుని పోయినారు. మా బీమా పరిహారం దరఖాస్తు తిరస్కరించబడినది.

3. ఈ ఏడు రేటు పెంచుతూ అదే కార్యాలయం నుండి నోటీసు వచ్చినది. కారణం: "తీవ్ర వరద ముప్పు గల ప్రాంతం." అయ్యా, ఇచ్చేటప్పుడు రాని వరద వసూలు చేసేటప్పుడు ఎక్కడి నుండి వచ్చినది? ఒకే నోట రెండు మాటలా?

4. ఆ లెక్క చూపమని మూడుసార్లు తిరిగితిని. కౌంటర్‌లోని మదన్ మోహన్ గారు, "గవి లోపలి లెక్కలు. బయటోళ్లకు సూపియ్యరాదు, పోండ్రి" అన్నారు. నా ఇల్లు ముంచిన నీళ్లకు నేను బయటివాడినట! ఒళ్లు మండిపోయినది. నేను ఒక లాగుకు కొలత తీసినా గిరాకీ కళ్లముందే చీటీ మీద రాస్తాను. ఊరంతా కొలిచిన వారికి ఆ మాత్రం మర్యాద లేదా?

5. అసలు బాధ ఇది. తిరస్కరణ కాగితం వచ్చిన నాటి నుండి మా అమ్మ సరిగా తినడం లేదు. "నా చేతుల్తోనే సున్నం ఏస్తి గద బిడ్డా. ఇల్లు ముంచింది వాగు గాదు, నేనే" అంటున్నది. నేను ఎంత చెప్పినా నమ్మదు. నీళ్లు వచ్చాయని తమ లెక్కల్లోనే ఉంటే తప్పు ఆమె సున్నానిది కాదు. ఆ కాగితం ఆమెకు చదివి వినిపించాలి, నాకు కావలసింది ముందు అదే.

కావున మా గల్లీ నీటి ఎత్తు, రేటు కట్టిన పద్ధతి, సర్వే తేదీ కార్యాలయం గోడకు అతికించవలెను. ఆ గోడకు మేము సున్నం వేయము. ఇది చిత్తగించవలెను, కుదరనిచో మా ఇంటికి వచ్చి గోడ గీకి చూడవలెను.

ఓపిక మిగిలినంతవరకు తమ విధేయుడు,
రఘుపతి

తా.క.: ఈ అర్జీ చదివి వినిపిస్తే మా అమ్మ, "సున్నం ఏసింది నేనైతే ఏలు గూడ నేనే పెట్టాలె" అని పట్టుబట్టింది. కింద ఉన్న వేలిముద్ర ఆమెది. బడి మెట్టు ఎక్కని ముసలిది, తాను చేసింది దాచుకోకుండా కాగితం మీద ముద్ర వేసింది. ఇక తమరు చేసింది చూపించండి.