గదిలో రెండోవాడు

బావమరిదికి,

మేం కులాసా, పశువులూ కులాసా. నువ్వూ కులాసాగానే ఉన్నావనుకుంటూ రాస్తున్నాను.

నాలుగు రోజులుగా ముసురు పట్టింది. గడ్డివాము పైపొర నల్లబడింది. తడిగడ్డి మేసిన పశువులు పలచటి పాలిస్తున్నాయి. పాల కేంద్రంలో నీళ్ళు కలిపారని నేనూ, కలపలేదని పాలు పోసేవాళ్ళూ. పొద్దుటిపూట పనంతా ఈ తగువే. ఈ తగువు మధ్యలోనే రేడియోలో వార్త వచ్చింది, మన పాటగాడు పోయాడని.

తగువు అక్కడికక్కడే ఆగిపోయింది. టైలరు కుట్టుమిషను మీద తల పెట్టుకుని ఏడ్చాడు. సొంత తండ్రి పోయినరోజు చేతిలో ఉన్న చొక్కా పూర్తిచేసి మరీ బయల్దేరినవాడు. మొదట గుండె ఆగిందన్నారు. మర్నాడు పేపర్లో, నొప్పి మందు సూదితో మోతాదు మించి ఎక్కించుకున్నాడని వచ్చింది. మాష్టారు పేపరు మడిచి, కళాకారుడి మనసు అద్దం లాంటిదనీ, లోకం కొట్టిన దెబ్బలకి తట్టుకోలేక ఆయన మత్తుమందుకి అలవాటుపడ్డాడనీ, తప్పు లోకానిదేననీ అన్నారు. లోకం తరఫున మేమంతా తల దించుకున్నాం.

అదే పేపర్లో, ఆయన ఆమధ్య ఉండి వెళ్ళిన మత్తు మాన్పించే కేంద్రం ఫోటో వేశారు. గేటు పక్కన బకెట్టు పట్టుకుని నిలబడ్డది నువ్వే. నిన్ను చూసి ఊరు నన్ను గౌరవించడం ఇదే మొదలు. నెలాఖరున నివాళి సభ పెడుతున్నాం. కమిటీకి నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. ఆయనతో దగ్గరగా మసిలినవాళ్ళుంటే ఒకరిని ముఖ్య అతిథిగా పంపు. ఆయన వాడిన వస్తువేదైనా ఉంటే అదీ పంపు, ఊరంతా పేపరు చదువుకునే చదువుల గదిలో అద్దాల పెట్టెలో పెడతాం.

మీ కేంద్రంలో ఉన్న మా తమ్ముడి సంగతి రాశావు. నయమైందనీ, ఇంటినుంచి ఒకరు వచ్చి తీసుకెళ్ళాలనీ. సంతోషం. కానీ సభ పనులతో తల గోక్కోడానికి తీరిక లేదు. రాగితీగ దొంగతనం గొడవ తర్వాత వాడు ఊళ్ళో కనబడకపోతే, ఓడలో పనికి కుదిరాడని ఊళ్ళో చెప్పి ఉంచాను కదా. ఇన్నాళ్ళున్నవాడు ఇంకొన్నాళ్ళుంటాడు.

నీ బావ,
పాల కేంద్రం అధ్యక్షుడు

తా.క.: ఓడ ఇప్పుడు ఏ రేవులో ఉందని మంగలి అడుగుతున్నాడు. దూరంగా ఉన్న రేవు ఒకటి చూసి రాయి. ఈ ఊరివాళ్ళకి చుట్టాలు లేని చోటైతే మంచిది.


బావగారికి నమస్కారం.

ఇక్కడా వానే. దుప్పట్లు ఆరక వరండాలో తాళ్ళు కట్టి వేస్తున్నాను. ఆరబెట్టడం నా పని, తడపడం పేషెంట్ల పని. మందు మానిన కొత్తలో వాళ్ళకి చెమట అలా పోస్తుంది.

గేటు ముందు పూలు మోకాలెత్తు పేరుకున్నాయి. పేషెంట్లని పొద్దుట నడకకి తీసుకెళ్ళే దారి లేదు. ఇలాంటి మనుషుల పక్కన పిల్లల్ని పెంచలేం, ఈ కేంద్రాన్ని ఎటైనా ఎత్తెయ్యండని పోయిన నెల అర్జీ పెట్టింది ఈ వీధివాళ్ళే. ఇప్పుడు వాళ్ళే వచ్చి కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు. మైనం గీకడం కూడా నా పనే.

వస్తువంటారా, ఆయన వాడిన ప్లాస్టిక్ మగ్గు ఒకటి ఉంది. మరుగుదొడ్డిది. ప్రస్తుతం అందరూ వాడుతున్నారు. అద్దాల పెట్టెలో పెడతామంటే కడిగి పంపుతాను.

మనిషి మాత్రం ఉన్నాడు. ఆయనతో ఒకే గదిలో, పక్క మంచం మీద ఉన్నవాడు. ఆయన్ని అతనంత దగ్గరగా చూసినవాళ్ళు ఇంకొకరు లేరు. పిలిస్తే వస్తాడు. అతనెవరో రెండో కాగితంలో రాస్తున్నాను, ఇంట్లో కూర్చుని చదవండి.

బావా, ఆ మనిషి మీ తమ్ముడే. చేతుల వణుకు పోయింది. మొన్న మా నీళ్ళ మోటారు కాలిపోతే తనే విప్పి తీగ చుట్టాడు. డాక్టరు ఒకటే అంటున్నారు. ఇంటికి చేరినవాడు నిలబడతాడు. చేరే ఇల్లు లేనివాడు తిరిగి తిరిగి మళ్ళీ సూది దగ్గరికే పోతాడు, మానేసిన ఒళ్ళు పాత మోతాదుకి ఈసారి తట్టుకోదు. ఆ గాయకుడు పోయింది అలాగే. మీరొచ్చి తీసుకెళ్ళండి. అక్కడ తను మోటార్లు చుట్టే షెడ్డులో ఒక మంచం వేసినా చాలు.

మీ బావమరిది

తా.క.: నాకు తెలిసిన రేవులు లేవు. సముద్రం ఇంకిపోయిందని చెప్పండి.


బావమరిదికి,

నీ నోట్లో పంచదార పొయ్య. మొదటి కాగితం పాల కేంద్రంలో నిలబడే చదివాను. పక్క మంచం దాకా వచ్చేసరికి మాష్టారు నా చేతిలోంచి లాక్కుని పైకి చదివారు. మగ్గు దగ్గర మాత్రం దగ్గు వచ్చినట్టు దాటేశారు. సాయంత్రానికల్లా కరపత్రం రాసేశారు. “మహాగాయకుని ఆంతరంగిక మిత్రులు, ఏకగది సహచరులు” అని పెద్ద అక్షరాలు. పేరు తెలియక చుక్కలు పెట్టి వదిలారు.

ఇప్పుడు ఆ పెద్దమనిషి గురించి కొన్ని సంగతులు రాయి. ఆయన మెత్తటి కుర్చీలో కూర్చుంటారా, మామూలు కుర్చీ చాలా? వేదిక మెట్లు ఎక్కగలరా? పక్కన మాష్టారు కూర్చుంటే ఫరవాలేదా? మాష్టారికి నోటి వాసన ఉంది, ముందే చెప్పడం మర్యాద. పాటగాడి చివరి మాటలు ఆయన చెబితే బాగుంటుంది. ఆ సూదిమందు సంగతి మాత్రం ఎత్తకుండా చూడు. గుండె అంటే చాలు. పిల్లలు కూడా వస్తారు.

నీ బావ,
పాల కేంద్రం అధ్యక్షుడు, నివాళి సభ కమిటీ అధ్యక్షుడు

తా.క.: రెండో కాగితం మీ అక్క తీసుకుంది. ఏముందని అడిగితే, “మీకు పనికొచ్చే సంగతి అందులో లేదు” అంది. అయినా ముఖ్యమైనదేమైనా ఉంటే మళ్ళీ రాయి.


బావగారికి నమస్కారం.

ముఖ్యమైనది ఒకటుంది. ఆ పెద్దమనిషి మీ తమ్ముడు. మామూలు కుర్చీ చాలు. మెట్లు ఎక్కగలడు.

మీ బావమరిది

తా.క.: అక్క చెప్పింది అబద్ధం కాదు.


బావమరిదికి,

నీ ఉత్తరం చేరేసరికి కరపత్రాలు పక్క ఊళ్ళకి కూడా పోయాయి. నీకూ ఒకటి ఇందులో పెట్టాను. పాలు పోయడానికి వచ్చినవాళ్ళంతా, నీ అతిథికి మేం క్యాన్ల బండి కడతాం అంటే మేం కడతాం అని కొట్టుకుంటున్నారు. ఇప్పుడు వాళ్ళ ముందు మోటారుగాణ్ణి దింపమంటావా? నా పెద్దరికం గంగలో కలవదూ?

నువ్వు చదువుకున్నవాడివి, ఆలోచించు. ఆ గదిలో మూడో మంచం లేదా? దాని మీద నాలుగు రోజులు పడుకున్నవాడైనా ఫరవాలేదు. గది ఊడ్చినవాడైనా సరే. ఎవరూ దొరక్కపోతే నువ్వే రా. బకెట్టు తేకు.

ఇద్దరిదీ ఒకటే జబ్బని నువ్వనుకుంటున్నావేమో. పాటగాడి గురించి నిన్న మా ఇంటి అరుగు మీద మాట్లాడుకుంటూ ఉంటే, మన ఊళ్ళోనూ ఒకడు అలాగే పాడైపోయాడని మీ అక్క గుమ్మంలోంచి అంది. మాష్టారు ఓపికగా విడమరిచి చెప్పారు. ఆయన బాధ మరిచిపోవడానికి వాడారట, వీడు పని ఎగ్గొట్టడానికి వాడాడట. ఆయనది జబ్బు, వీడిది బరితెగింపు. ఆయనకి డాక్టరు కావాలి, వీడికి కర్ర కావాలి. అందరూ ఒప్పుకున్నారు. మీ అక్క ఒప్పుకోలేదు కానీ చీపురు తీసుకుని మేం కూర్చున్న చోటే ఊడ్చింది.

నీ బావ,
పాల కేంద్రం అధ్యక్షుడు, నివాళి సభ కమిటీ అధ్యక్షుడు, అద్దాల పెట్టె ఉపసంఘం అధ్యక్షుడు

తా.క.: మరీ గత్యంతరం లేకపోతే ఓడ మునిగిందని చెబుదామా అని కూడా చూస్తున్నాను. నువ్వేమంటావు?


బావగారికి నమస్కారం.

ముంచకండి. అందులో మనిషి ఉన్నాడు.

ఆ గాయకుడు వేదిక మీంచి జారిపడి నడుం విరగ్గొట్టుకున్నాడు. మీ తమ్ముడు మీ పాల కేంద్రానికి తీగ లాగుతూ స్తంభం మీంచి పడ్డాడు. ఇద్దరికీ ఒకే నొప్పి మాత్ర రాశారు. ఇద్దరూ మాత్రతో మొదలుపెట్టి సూది దాకా వచ్చారు. ఒకరు పాటలు పాడుతూ వచ్చారు, ఒకరు మోటార్లు చుడుతూ వచ్చారు. నేను దుప్పట్లు ఉతికేవాణ్ణి, నాకు తేడా తెలియలేదు. మాష్టారు వచ్చి విడమరిస్తే వింటాను.

ఆయనకి అభిమానులు పంపిన పళ్ళ బుట్టలు గదిలో పట్టేవి కావు, మనిషి మాత్రం ఒక్కడూ రాలేదు. చివరికి కచేరీలు చూసే మేనేజరు కారేసుకుని వచ్చి, నయం కాకముందే తీసుకెళ్ళాడు. వద్దని ఆ కారు తలుపు పట్టుకున్నది మీ తమ్ముడు. వేళ్ళు నలిగాయి.

మీరు రారని అర్థమైంది. సభరోజు పొద్దుటి బస్సు నేనే ఎక్కిస్తాను. కరపత్రం చూపిస్తే, “అన్నయ్య పిలిచాడా?” అని అడిగాడు. పిలిచాడన్నాను. ఆ తర్వాత చాలాసేపు చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు.

మీ బావమరిది

తా.క.: అబద్ధమాడటం మీకే వచ్చనుకోకండి.


బావమరిదికి,

వాన వెలిసింది. ఇవాళ పాలు నేనే పితికాను. సగం బకెట్టులో పడ్డాయి, సగం నా కాళ్ళ మీద. ఒక గేదె నన్ను ఎరగనట్టు చూసి తన్నింది.

నిన్న బస్సు ఆగేసరికి కమిటీ అంతా పూలగుత్తులతో నిలబడి ఉంది. మావాడు చేతిసంచితో దిగాడు. మాష్టారు వాణ్ణి భుజంతో పక్కకి జరిపి బస్సులోకి తొంగి చూశారు. ఇంక దిగేవాళ్ళు లేరని కండక్టరు చెప్పాడు. ముఖ్య అతిథి ఏరని టైలరు అడిగితే, “ఆ గదిలో ఉన్నది నేనే” అన్నాడు మావాడు.

ఓడ సంగతి ఎవరైనా ఎత్తుతారేమోనని నేను క్యాన్ల బండి చాటుకి పోయాను. ఎవరూ ఎత్తలేదు. మంగలి ముందుకొచ్చి, “ఏరా మోటారూ, పక్క మంచమేనా? చెయ్యి చాస్తే ఆయన తగిలేంత దగ్గరా?” అన్నాడు. తగిలేవాడని మావాడు అన్నాడు. మంగలి ఆ చెయ్యి పట్టుకుని ఇంక వదల్లేదు. రాగితీగ పోయిన రోజు ఆ చేతులు వెనక్కి విరిచి స్తంభానికి కట్టినవాడు టైలరు. అతను కూడా తన కూతుర్ని ఎత్తుకొచ్చి ఆ చెయ్యి ముట్టించాడు.

అప్పుడు నేను చాటులోంచి బయటికొచ్చాను. వాణ్ణి వేదిక మీద కూర్చోబెట్టి, వీడు నా సొంత తమ్ముడని మైకులో చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, మొదటిసారి మైకు పలకలేదు. వాడే లేచి తీగ సరిచేశాడు.

మాట్లాడమన్నారు. వాడు పాటగాడి గురించి ఇలా చెప్పాడు: “ఆయన అక్కడ ఒక్క పాట పాడలేదు. నొప్పికి అరిచేవాడు. మందు తెప్పించుకోడానికి నా చెప్పులు దొంగిలించి అమ్మాడు. నేను ఆయన వాచీ దొంగిలించాను. తర్వాత ఒకరికొకరం చెప్పుకుని నవ్వుకున్నాం. మంచివాడు. పగలంతా ఇద్దరం గేటు వైపు చూస్తూ కూర్చునేవాళ్ళం, తీసుకెళ్ళడానికి ఎవరైనా వస్తారేమోనని. ఆయనకి కారొచ్చింది, కచేరీ ఉందని. నాకు...” అని ఆగి నావైపు చూశాడు. నేను కార్యక్రమం కాగితం చూసుకుంటున్నాను.

మహానుభావుణ్ణి చెప్పులదొంగ అంటావా అని టైలరు లేచాడు. రాగితీగ దొంగ అని వెనకనుంచి ఎవరో అరిచారు. మాష్టారు మైకు లాక్కుని, జబ్బుమనిషినీ మత్తుమనిషినీ ఒకే గాటన కట్టకూడదన్నారు. మావాడు మైకు లేకుండానే అన్నాడు: “ఇన్ని పూలు చూశాక తెలిసింది మాష్టారూ. నేను చచ్చి రావలసింది. తెలియక బతికొచ్చాను.” వెనకవాళ్ళకి వినబడలేదు. ముందు వరసలో మాకు వినబడింది.

తర్వాత సభ సజావుగా జరిగింది. రెండు తీర్మానాలు చేశాం. చదువుల గదికి పాటగాడి పేరు పెట్టాలని ఒకటి, మత్తుకి అలవాటుపడ్డవాళ్ళని ఊళ్ళో ఉండనివ్వకూడదని ఒకటి. రెండూ ఏకగ్రీవం. అధ్యక్షుడిగా రెండింటి కిందా నేనే సంతకం పెట్టాను.

మావాడు షెడ్డు తాళం అడిగాడు. కొన్నాళ్ళు బావమరిది దగ్గరుండు, ఊరు చల్లబడ్డాక కబురు చేస్తానన్నాను. “సరే అన్నయ్యా” అన్నాడు. ఇంత వినయం వాడికి ముందు లేదు, మీ కేంద్రంలో బాగానే నేర్పినట్టున్నారు. మీ అక్క వాడికి అన్నం పెట్టింది. తనూ చెప్పులేసుకుంటూ ఉంటే, బస్సు దాకా సాగనంపడానికేమో అనుకున్నాను.

నీ బావ

తా.క.: తమ్ముడు సాయంత్రం బస్సుకి వెళ్ళాడు. మీ అక్క కూడా అదే బస్సుకి వెళ్ళింది. బస్సు ఆరింటికి కదిలింది.